నల్లగుడ్డ కట్టిన ఏడో సీసా

గోదావరిఖనిలో బొగ్గుబాయి పని నుంచి దిగిపోయేవాళ్లకు ఒక మర్యాద ఉంది. చివరి షిఫ్టు రోజు దండ వేస్తారు, శాలువా కప్పుతారు, గోడ గడియారం ఒకటి చేతిలో పెట్టి డప్పులతో ఇంటిదాకా తీసుకొస్తారు. మా నాన్నకు అలాగే జరిగింది. ఆ గడియారం ఇప్పటికీ మా గోడ మీద ఐదు నిమిషాలు వెనక నడుస్తూ ఉంటుంది.

నాకు ముప్పై నిండకముందే ఉద్యోగం అయిపోయింది. దండా లేదు, డప్పూ లేదు. "సేఫ్టీ కళ్లద్దాలు అప్పజెప్పి ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు ఆఫీసు గుమాస్తా. అప్పజెప్పాను. సంతకం పెట్టాను. అయినా పనిలోంచి దిగిపోయినదాన్నే కాబట్టి, అనుభవాలు రాసుకునే హక్కు నాకూ ఉందనుకుంటున్నాను. పాప పడుకున్నాక దొరికే గంటలో రాస్తున్నాను. మధ్యలో రెండుసార్లు లేచి దాని ఊపిరి చూసొచ్చాను కాబట్టి, వాక్యాలు ఎక్కడైనా తెగితే అక్కడ లేచానని అనుకోండి.

కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, ఎక్కడో ఒక ల్యాబులో కాంట్రాక్టు మీద చేరబోతున్న పిల్లల కోసం ఇది. ప్రమోషన్ల గురించి ఏమీ ఉండదు, నాకు రాలేదు గనక. ఒక ద్రవం గురించి, ఒక గాజు అల్మారా గురించి, నేను కొట్టేసిన ఒక వరుస గురించి ఉంటుంది.

మన నేల బొగ్గు

మాది ఊరి చివర ఉన్న ఒక ప్రైవేటు కాలేజీ. దాని వెనక రెండు గదుల్లో పరిశోధన కేంద్రం. తలుపు మీద పెద్ద బోర్డు: మన నేల బొగ్గు నుంచి నానో పదార్థాలు. బోర్డు తయారయ్యాక, మన నేల బొగ్గును నిజంగానే తెచ్చి ప్రయత్నించాం. నెల రోజుల తర్వాత మాకు దక్కింది బూడిద. అప్పుడు ముంబై నుంచి గ్రాఫైట్ పొడి డబ్బా తెప్పించారు. బోర్డు మార్చలేదు. డబ్బా మీది చీటీ మాత్రం చింపేశారు.

ఆ పొడిని ఐసు మీద పెట్టి ఘాటైన ఆమ్లంలో కలపాలి. తర్వాత రోజుల తరబడి కడగాలి. చివర్లో సోనికేటర్ అనే చిన్న తొట్టిలో నీళ్లతో కలిపి పెడితే, ఆ తొట్టి కంటికి కనిపించనంత వేగంగా వణికి పొడిని పొరలు పొరలుగా విడదీస్తుంది. వెంట్రుకను నిలువునా వేల చీలికలు చేసినా అంత పలచన రాదు. దాన్ని గ్రాఫీన్ ఆక్సైడ్ అంటారు. నీళ్లలో పలచగా ఉన్నప్పుడు తేనె రంగులో మెరుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నిజంగా ఒళ్లు జలదరించింది. మసి నుంచి ఇంత చక్కటి రంగు వస్తుందని మా కాలనీలో ఎవరు నమ్ముతారు?

పొరలు విడివిడిగా తేలుతున్నంత కాలమే దాని విలువ. ఒకదానికొకటి అతుక్కుని అడుగుకు చేరాయా, మళ్లీ మసే. నా ఉద్యోగం అది చూడటమే. ప్రతి ఉదయం సీసాలను వెలుతురుకు ఎత్తి చూడటం, రిజిస్టరులో ఒక్కో సీసా ఎదుట "నిలిచింది" అనో "దిగింది" అనో రాయడం. రెండేళ్లు చదివిన ఎమ్మెస్సీకి రెండు మాటల ఉద్యోగం. తక్కువేమీ కాదు. ఆ రెండు మాటలు నిజాయితీగా రాయడం ఎంత కష్టమో తర్వాత తెలిసింది.

సీసాలన్నీ గాజు అల్మారాలో ఉండేవి. అల్మారా పడమటి కిటికీ పక్కన ఉండేది. దాన్ని అక్కడ పెట్టించింది మా డైరెక్టర్ సారు. "వచ్చినోళ్లకు తలుపు తెరవంగనే మెరవాలె" అన్నారు. మెరిసేవి. రెండు మూడు వారాలు మెరిసి, తర్వాత డికాక్షన్‌లా నల్లబడి, అడుగున మసి పేరుకునేది. పైన తేటనీళ్లు మిగిలేవి.

సీసాలకు డ్యూటీ

డైరెక్టర్ సారు చెడ్డ మనిషి కాదు. ముప్పై ఏళ్లు బాయిల మీద ఆఫీసరుగా చేసి రిటైరై, కాలేజీ యాజమాన్యం పిలిస్తే వచ్చారు. ఆయనకు తెలిసిన ప్రపంచంలో మూడు షిఫ్టులుంటాయి, ఒక మస్టరు పుస్తకం ఉంటుంది, ఏదైనా జరిగితే విచారణ ఉంటుంది. ఆ మూడింటినీ ల్యాబుకు తెచ్చారు. సీసాలకు నంబర్లు వేసి మస్టరు పెట్టారు. పొద్దున్నే నేను హాజరు తీసుకునేదాన్ని. గోడ మీద "జాగ్రత్తగా పని చేయండి, మీ కోసం ఇంట్లో ఎదురుచూస్తున్నారు" అని బోర్డు వేయించారు. సీసా దిగితే దాన్ని ప్రమాదం అనేవారు. ప్రమాదానికి ఒక ఫారం. ఆ ఫారంలో చివరి గడి: బాధ్యుల పేరు.

మొదట్లో బాధ్యులు దొరికారు. ఓపెన్‌కాస్టు గనిలో జరిగే బ్లాస్టింగు.

మా ఊళ్లో ఇది సహజమే. గోడ పగిలితే బ్లాస్టింగు, బోరు ఎండితే బ్లాస్టింగు, కోడి గుడ్లు పిల్లలు కాకపోతే బ్లాస్టింగు. అందులో చాలా మటుకు నిజం కూడా. రోజూ మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, తర్వాత భూమి ఒక్కసారి ఉలిక్కిపడుతుంది, కిటికీలు గలగలమంటాయి. సారు తేల్చేశారు: అదురుకే పొరలు రాలుతున్నాయి.

"సైరన్ మోగంగనే సీసాలు అల్మారాలకెల్లి తీసి చేతులల్ల పట్టుకోవాలె. మనిషి ఒళ్లు స్పాంజి లెక్క. అదురు తగలదు" అన్నారు.

అలా మొదలైంది. ల్యాబులో మేమిద్దరమే. నేను, అటెండరు రాజక్క. ఆమెకు యాభై దాటాయి. మొగుడు బాయిలో నడుం విరిగి అన్‌ఫిట్ అయ్యాడు. కంపెనీ ఇచ్చిన డబ్బు కూతుళ్ల పెళ్లిళ్లకు పోయింది. ఇప్పుడు ఆ ఇంటికి ఆమె ఉద్యోగమే ఆధారం. సైరన్ మోగగానే ఆమె ఆరు సీసాలు, నేను ఆరు సీసాలు ఒళ్లో పెట్టుకుని కుర్చీల్లో కూర్చునేవాళ్లం. అప్పటికి నాకు మూడో నెల. కొన్ని నెలలు పోయాక సీసాలకు ఒళ్లో చోటు లేక పొట్ట మీద ఆనించుకునేదాన్ని.

"నీకు ఏడుగురు పిల్లలు, నాకు ఆరుగురు" అనేది రాజక్క. "గీల్లకన్న నీ కడుపుల ఉన్నది నయం బిడ్డా. సప్పుడు చేస్తె తన్నుతదన్న."

ఇక్కడ మీరు నన్నొక ప్రశ్న అడగాలి. వణికించి తయారు చేసిన ద్రవం అదిరితే ఎలా చెడిపోతుంది? సోనికేటర్ తొట్టి ఆ గదిలోనే, నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. రోజూ దానిలో పెట్టి పొరలను విడదీసింది నేనే. అయినా ఆరు సీసాలు పొట్ట మీద పెట్టుకుని కూర్చున్నాను. సారుతో ఎందుకు వాదించడం అనుకున్నాను. కాంట్రాక్టు ఉద్యోగంలో మొదట పోయేది నోరు, తర్వాత బుర్ర.

ఏడో సీసా

ఆ రోజుల్లోనే ఒక ఉదయం హాజరు తీసుకుంటూ ఉంటే ఏడో నంబరు సీసాకు నల్లగుడ్డ చుట్టి ఉంది. పాత గొడుగు గుడ్డ. తాడుతో గట్టిగా కట్టి ఉంది.

"ఇదేంది రాజక్కా?"

"దిష్టి బిడ్డా. వచ్చినోడల్లా 'అబ్బ, ఏం రంగు, ఏం రంగు' అనుకుంట సూస్తడు. గా సూపుకే గివి కూలవడ్తున్నయ్. ఒక్కదానికన్న కట్టి సూద్దామని."

నవ్వాను. విప్పలేదు. ఆ గుడ్డ ఉంటే ఏం పోయిందిలే అనుకున్నాను. నెలన్నర గడిచింది. మిగతా పదకొండు సీసాలూ ఒకటొకటిగా దిగిపోయాయి. ఏడోది తీసి గుడ్డ తప్పించి చూస్తే తేనె రంగు, మొదటి రోజులాగే. రిజిస్టరులో "7: నిలిచింది" అని రాశాను. వారం వారం రాశాను.

సారు రిజిస్టరు చూశారు. "ఏడోది ఎట్ల నిలిచిందమ్మా?"

చెప్పాను. చెప్తున్నప్పుడే నాకు సిగ్గేసింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "రిపోర్టుల ఏం రాద్దాం? నల్లగుడ్డ, నిమ్మకాయ, మిరపకాయ అని రాద్దామా? రేపెన్నడన్న హైదరాబాదుకెల్లి తనిఖీ కమిటీ వస్తె, నగుబాటు చేస్తవా?" గుడ్డ అక్కడికక్కడే విప్పించారు. నేను ఎర్ర సిరాతో ఆ వరుస కొట్టేసి, పక్కన "లెక్కలోకి తీసుకోరాదు" అని రాశాను. ఎవరూ అలా రాయమనలేదు. ఆ వాక్యం పూర్తిగా నాదే.

గుడ్డ విప్పిన ఏడో సీసా ఇరవై రోజుల్లో దిగింది. ఆ "దిగింది" మాత్రం నీలం సిరాతో శుభ్రంగా రాశాను. అది శాస్త్రీయంగా ఉంది కదా.

నేను మీకు చెప్పాలనుకున్నవాటిలో ముఖ్యమైనది ఇదే. మనిషి చెప్పిన కారణం తప్పు కావచ్చు. అయినా ఆమె చేసిన పని పని కాకుండా పోదు, దాని ఫలితం ఫలితం కాకుండా పోదు. దిష్టి అన్న మాట నాకు నచ్చలేదని, కళ్లెదుట నెలన్నర నిలిచిన సీసాను కొట్టేశాను. దిష్టిని నమ్మిన రాజక్క ప్రయోగం చేసింది. నమ్మని నేను దాన్ని చెరిపాను. మా ఇద్దరిలో చదువుకున్నది ఎవరో మీరే చెప్పండి.

విచారణ

తర్వాత తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బాయిలన్నీ బందు. నెల దాటి సైరన్ మోగలేదు, భూమి అదరలేదు. కాలేజీ మూసి ఉన్నా నేను రెండు రోజులకోసారి పోయి తాళం తీసి సీసాలు చూసి వచ్చేదాన్ని. సారు ఫోను చేసి ఉత్సాహంగా అడిగేవారు: "నిలిచినయా?"

"దిగుతున్నయ్ సార్."

"ఎన్ని?"

"అన్నీ."

సమ్మె మీద ఊరంతా ఎన్నో ఆశలు పెట్టుకుంది. సారు పెట్టుకున్న ఆశ మాత్రం నాకొక్కదానికే తెలుసు.

బ్లాస్టింగు నిర్దోషి అని తేలింది. ఫారంలో చివరి గడి ఖాళీ అయింది. ఖాళీ గడిని సారు చూడలేరు. బాయిలో ప్రమాదం జరిగితే ఏం జరిగిందన్నది ఒక ప్రశ్న, ఎవరు చేశారన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి ఇంజనీర్లు కావాలి, రోజులు కావాలి. రెండోదానికి అటెండరు చాలు.

విచారణ ఆఫీసు గదిలో జరిగింది. బల్లకు అటు సారు, ఇటు రాజక్క నిలబడి, పక్కన కుర్చీలో సాక్షిగా నేను. అదే బల్ల మీద నా ప్రసూతి సెలవు కాగితం కూడా ఉంది. సంతకం ఇంకా కాలేదు.

"సీసాలు కడిగేది ఎవరు?"

"నేనే సారూ."

"ఏం నీళ్లతోటి?"

"మేడం ఇచ్చిన క్యాను నీళ్లతోటి. నల్లా నీళ్లు తాకనియ్యద్దన్నది, తాకనియ్య."

"ఎన్నడన్న నల్లా నీళ్లు వాడినవా?"

"వాడ్త సారూ. చెంబుకు, గిన్నెకు. నా కాళ్లు కడుక్కునేటందుకు."

సారు రాశారు, పైకి చదువుతూ: "ల్యాబు ఆవరణలో నల్లా నీళ్ల వాడకాన్ని అంగీకరించినది."

"కాళ్లకు సారూ!" అంది రాజక్క.

"రాసినం గద, వాడకం అని. దేనికి అన్నది వివరం. ఇక్కడ వివరానికి జాగ లేదు."

నల్లా నీళ్లలోని ఉప్పు తగిలితే ఆ పొరలు గబుక్కున అతుక్కుంటాయన్నది నిజమే. అందుకే ఆ ఆరోపణ చదువుకున్నవాళ్లు కూడా నమ్మేలా ఉంది. కానీ రాజక్క అలా చేయదని నాకు తెలుసు. క్యానులో కొనుక్కొచ్చే ఆ ఉప్పులేని నీళ్లు ఒలికితే చీరకొంగుతో ఒత్తి "పిరమైన నీళ్లు" అని బాధపడే మనిషి. అయినా సారు కాగితం నా వైపు జరిపినప్పుడు, నా చూపు దాని మీద లేదు, పక్కనున్న సెలవు కాగితం మీద ఉంది. సంతకం పెట్టాను. ఆయన నా కాగితం మీద పెట్టారు. ఇద్దరం పెన్నుల మూతలు పెట్టుకున్నాం.

రాజక్క వేలిముద్ర వేసి, బొటనవేలు గోడకు తుడవబోయి, గోడకు కొత్త సున్నం వేసి ఉండటం చూసి తన చీరకే తుడుచుకుంది.

తీర్పు: కమిటీ వచ్చేదాకా ఆమె ల్యాబులో అడుగు పెట్టకూడదు, వరండా ఊడ్చాలి. కమిటీ వచ్చేలోపు వేరే కారణం, వేరే బాధ్యులు తేలకపోతే, కారణం కడగడమే అని రాసి పనిలోంచి తీసేస్తారు.

నీలం వెలుతురు

పాప పుట్టిన మూడో రోజుకు పసుపుపచ్చగా అయింది. దవాఖానలో దాన్ని బట్టలు లేకుండా ఒక గాజు పెట్టెలో పడుకోబెట్టి పైన నీలం లైట్లు వేశారు. కళ్లకు నల్లగుడ్డ పట్టీ కట్టారు. నేను ఆ పెట్టె దగ్గరే కూర్చుని నర్సును చంపుకుతిన్నాను. పట్టీ జారిందా, లైటు ఎక్కువైందా, పచ్చదనం తగ్గిందా, నాకు తగ్గినట్టు అనిపిస్తోంది, మీకూ అనిపిస్తోందా?

"అమ్మా, జర ఊపిరి తీస్కో" అంది నర్సు. "రక్తంల పచ్చటిది ఉంటది. దాని మీద వెలుతురు పడితె అది మారిపోతది. మారిపోయినంక ఒంట్ల నిలువది, బయటికి పోతది. వెలుతురే మందు."

"మరి కళ్లకు గుడ్డ ఎందుకు?"

"వెలుతురు అన్నిటికి మంచిది కాదు గద. మారొద్దన్నదాన్ని కప్పాలె."

ఆ మధ్యాహ్నమే రాజక్క వచ్చింది. చేతిలో ఉప్మా టిఫిను. వరండా ఊడ్చి, బస్సెక్కి వచ్చింది. గాజు పెట్టెలోకి వంగి చూసి ఆమె ముఖం విప్పారింది.

"నీ బిడ్డకు సుత నల్లగుడ్డ కట్టిండ్రా! మంచి పని చేసిండ్రు. ఇగ దిష్టి తగలది."

నా చేతిలో టిఫిను అలాగే ఉంది. నా బిడ్డ నీలం వెలుతురులో కాళ్లు ఆడిస్తోంది. నాకు ఏడో సీసా కనిపించింది. పడమటి కిటికీ కనిపించింది. తేనె రంగు నలుపు కావడం కనిపించింది. మారొద్దన్నదాన్ని కప్పాలి.

రాజక్క వెళ్లబోతూ, చెప్పులు తొడుక్కుంటూ అడిగింది: "గా కాయితంల ఏం రాసిండ్రు బిడ్డా? సారు సదివింది నాకు సగమే సమజైంది. నువ్వు సుత సంతకం వెట్టినవ్ గద, మంచిదే రాసుంటరని వేలు వేసిన."

"ఏం లేదు రాజక్కా. మామూలు కాయితమే" అన్నాను.

నా ఉద్యోగ జీవితంలో చాలా తప్పులు చేశాను. ఆమ్లం ఒలికించాను, ఒకసారి సోనికేటర్ కాల్చాను. వాటన్నిటినీ ఎవరికైనా నవ్వుతూ చెప్పగలను. ఈ ఒక్క వాక్యం మాత్రం చెప్పడానికి ఇంతకాలం పట్టింది.

ఎనిమిది సీసాలు

సెలవు పూర్తికాకముందే పాపను మా అమ్మ దగ్గర వదిలి వెళ్లాను. ఒకే రోజు కలిపిన ద్రవం ఎనిమిది సీసాల్లో పోశాను. నాలుగు సీసాలు నేను క్యాను నీళ్లతో కడిగినవి. నాలుగు రాజక్క చేత వరండా నల్లా కింద కడిగించినవి. నల్లా నీళ్లు అనగానే ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మల్ల కాయితం రాస్తరా?"

"ఈసారి నేనే రాస్త. కడుగు."

రెండు రకాల్లోనూ సగం సీసాలకు నల్లగుడ్డ కట్టాం, సగం బోడిగా ఉంచాం. అన్నిటినీ కాలేజీ స్టోరు గది కిటికీలో ఎండకు పెట్టాం. ఇరవై రోజులు. బ్లాస్టింగు రోజూ అయింది, కిటికీ రోజూ గలగలమంది, ఎవరమూ సీసాలు ఒళ్లో పెట్టుకోలేదు.

బోడి సీసాలు నాలుగూ నల్లబడి దిగాయి. ఎవరు కడిగినా, ఏ నీళ్లతో కడిగినా. గుడ్డ కట్టినవి నాలుగూ నిలిచాయి. నల్లా కింద కడిగినవి కూడా. కడిగి వంపేశాక మిగిలే చుక్క ఉప్పు అంత పని చేయలేదు.

కారణం తర్వాత పుస్తకాల్లో చదువుకుని అర్థం చేసుకున్నాను. ఆ పొరల మీద ఆక్సిజన్ పట్టుకుని ఉంటుంది. పొరకు నీళ్లతో పొత్తు కలిపేది అదే. వెలుతురు పడేకొద్దీ అది ఊడిపోతుంది. ఊడిపోతే పొర నల్లబడుతుంది, నీళ్లతో పొసగదు, పక్క పొరను అంటుకుంటుంది, ఇద్దరూ ముగ్గురూ కలిసి బరువెక్కి దిగుతారు. ఇది ప్రపంచానికి కొత్త సంగతేమీ కాదు. మా అల్మారాకు కొత్త.

రాజక్కకు కూడా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "అంటే వెలుగు దిష్టి అన్నట్టు" అంది. దాన్ని సరిదిద్దడానికి నోరు తెరిచి మూసుకున్నాను. ఒకసారి సరిదిద్ది ఏం సాధించానో గుర్తొచ్చింది.

చివరి గడి

ఎనిమిది సీసాలు సారు బల్ల మీద పెట్టాను. ఆయన తెలివైనవారు. ఐదు నిమిషాల్లో అంతా అర్థమైంది. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మంచి పని చేసినవమ్మా. అంటే ఇప్పుడు బాధ్యులు ఎవరు?"

"వెలుతురు సార్."

"వెలుతురుకు మెమో ఇయ్యలేం గదా."

"మరి ఆ గడి ఖాళీగ ఉంచుదాం సార్."

"ఖాళీ ఉంటె విచారణ మూతపడది. పాతదే నడుస్తది. పాతదాంట్ల రాజమ్మ పేరున్నది." ఆగి, గొంతు తగ్గించి అన్నారు: "వెలుతురు అని రాస్తె పైనోళ్లు ఏమడుగుతరు? అల్మారా కిటికీ దగ్గర ఎవరు పెట్టిండ్రు అని అడుగుతరు."

ఇద్దరం ల్యాబు కిటికీ వైపు చూశాం. ఎవరు పెట్టారో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. ఆయన పేరు రాయమని నేను అనలేను. రాయనని ఆయన అనాల్సిన పనిలేదు. వారంలో కమిటీ వస్తోంది. అది వచ్చేలోపు గడి నిండాలి, లేకపోతే రాజక్క ఇంటికి.

ఫారం నా వైపు తిప్పుకున్నాను. కారణం దగ్గర "వెలుతురు" అని రాశాను. బాధ్యుల దగ్గర నా పేరు రాశాను. నెలన్నర నిలిచిన ఏడో సీసాను రిజిస్టరులో కొట్టివేసినందుకు, అని వివరం కూడా రాశాను. వివరానికి జాగ లేకపోతే మార్జిన్లో రాశాను. అది త్యాగం అనుకోకండి. రాసినదంతా నిజమే.

సారు చదివి, ఊపిరి వదిలి, సంతకం పెట్టారు. ఆయన కళ్లలో నా మీద నిజమైన జాలి కనిపించింది. కాంట్రాక్టు పొడిగించే కాగితం మీద ఆ జాలి ఎక్కడా కనిపించలేదు. ఆ కాగితమే కనిపించలేదు.

రాజక్క మర్నాడే ల్యాబులోకి వచ్చింది. గొడుగు గుడ్డ కొనుక్కొచ్చి పన్నెండు సీసాలకు పన్నెండు సంచులు కుట్టింది. అల్మారాను కిటికీ దగ్గర నుంచి కదపలేదు. కదిపితే ఎందుకు కదిపారని అడుగుతారు. హైదరాబాదు నుంచి కమిటీ వచ్చింది. సారు తలుపు తెరిచారు. గాజు అల్మారాలో పన్నెండు నల్ల మూటలు.

కమిటీ పెద్ద అడిగారు: "ఏదీ, చూపించండి."

"చూస్తే చెడిపోతుంది సార్" అన్నారు మా సారు, ఆ రోజుకు పుస్తకం భాషలో. "వెలుతురు ప్రభావం మీద మా కేంద్రం చేసిన ముఖ్యమైన పరిశోధన ఇది."

కమిటీ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చూడటానికి వచ్చినవాళ్లు చూడకుండానే "నిలకడ సంతృప్తికరం" అని రాసి భోజనానికి వెళ్లారు. మూటల్లో ద్రవం నిజంగానే నిలిచి ఉంది. కాని సీసాల్లో నల్లా నీళ్లున్నా అదే రాసేవారు. చీకట్లో ఉంచితే చెడనివి ఆ కేంద్రంలో ఇంకా కొన్ని ఉన్నాయి, గ్రాఫైట్ డబ్బాతో సహా.

నా చివరి రోజు కళ్లద్దాలు అప్పజెప్పి బయటికి వస్తుంటే రాజక్క వరండాలో ఉంది. రెండు కాగితాల నకళ్లూ నా సంచిలో ఉన్నాయి. ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి, మొదటిది మొత్తం చదివి వినిపించాను. నల్లా నీళ్ల వాడకం దగ్గర ఆగలేదు. కింద ఉన్న నా సంతకం కూడా చదివాను. ఆమె తలకొంగు సర్దుకుంది. తను ఊడ్చిన వరండా వైపు చూసింది. నేను తిట్టించుకోవడానికే కూర్చున్నాను. ఆమె తిట్టలేదు.

"రెండోది సదువు" అంది.

చదివాను. నా పేరు దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"గిదేంది? నీ పేరెందుకు రాసినవ్? ఎలుగు చేసిందని పైన రాస్తివి గద. కింద సుత ఎలుగు పేరే రాయకపోయినవా?"

"ఆ గడి మనుషుల కోసమే రాజక్కా. వెలుతురుకు గడి లేదు."

ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకుంది. చదవడం రాకపోయినా గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్క గడీ తడుముకుంటూ కిందిదాకా వెళ్లింది. ఆఖరి గీత కింద ఇంకా నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ ఉంది. అక్కడ వేలు ఆపింది.

"గింత జాగ ఉండె గద బిడ్డా. ఇంకో గీత గీయకపోయినవా? పెన్ను నీ చేతులనే ఉండె."